కథలో ఏడుపు ఎక్కడ ఆపాలి?

సిరాచుక్క

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలా కాలంగా చదువుతున్నాను, నేనే ఒకటి మొదలుపెట్టడం ఇదే మొదటిసారి. నాలుగు పేజీలు దాటని చిన్న కథ ఒకటి రాస్తున్నాను. మూడు నెలలుగా ఒకే చోట ఆగిపోయింది.

కొడుకు చనిపోయిన మూడేళ్ళకు ఒక తల్లి మోకాళ్ళ నొప్పితో కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తుంది. తోడుగా వెళ్ళిన కూతురే కథ చెబుతుంది. ముందు గదిలో వాళ్ళకు ఒక కాగితం ఇచ్చి వివరాలు నింపమంటారు. అక్కడి భాగం ఇది:

"పిల్లలు ఎంతమంది అన్న గడి దగ్గర అమ్మ చేయి వణికింది. మూడేళ్ళుగా గుండెల్లో దాచుకున్న దుఃఖం ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. అన్నయ్య రూపం ఆమె కళ్ళ ముందు కదలాడింది. కన్నీటి తెర అడ్డుపడి అక్షరాలు మసకబారాయి. 'రెండు' అని రాసింది. నా గొంతుకు ఏదో అడ్డుపడింది. ఎన్నేళ్ళు గడిచినా తల్లి మనసులో బిడ్డ చనిపోడని ఆ క్షణంలో నాకు అర్థమైంది."

ఇది రాస్తున్నప్పుడు నిజంగానే ఏడ్చాను. వారం ఆగి చదివితే నాకే ఏమీ అనిపించలేదు. ఎందుకిలా జరిగిందో అర్థం కావడం లేదు. మొహమాటపడకుండా చెప్పండి.

ఎర్రపెన్సిల్

సిరాచుక్క గారూ, మొహమాటం వద్దన్నారు కాబట్టి నేరుగా చెబుతాను. ఈ భాగంలో ప్రాణమున్న వాక్యం ఒక్కటే: "రెండు" అని రాసింది. మిగతా వాక్యాలన్నీ దాని మీదెక్కి కూర్చున్నాయి.

కట్టలు తెంచుకున్న దుఃఖం, కళ్ళ ముందు కదలాడే రూపం, కన్నీటి తెర, గొంతుకు అడ్డుపడేది. వీటిని పెన్సిలుతో చుట్టి చూడండి. ఈ తల్లికి మాత్రమే చెందినది వాటిలో ఒక్కటైనా ఉందా? ఎవరి దుఃఖానికైనా సరిపోయే మాటలు అవి. పాఠకుడు వాటిని ఇప్పటికే వందల కథల్లో దాటి వచ్చాడు, ఇక్కడా అలాగే దాటిపోతాడు. మీరు ఏడ్చింది మీ మనసులో కదిలిన ఆ దృశ్యాన్ని చూసి. అది కాగితం మీదికి రాలేదు, దాని పేరు మాత్రమే వచ్చింది. వారం తర్వాత మనసులోని దృశ్యం కాస్త చల్లబడింది, చేతిలో ఆ పేర్లు మిగిలాయి.

చివరి వాక్యం గురించి కూడా చెప్పాలి. "అర్థమైంది" అని కూతురు అనేశాక నాకు అర్థం చేసుకోవడానికి ఏమీ మిగలలేదు.

పాతకాగితం

ఎర్రపెన్సిల్ గారు చెప్పినది మన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసిన పండితులు, చాలా కాలం కిందటే దోషాల పట్టికలోకి ఎక్కించారు. 11వ శతాబ్దంలో మమ్మటుడు కావ్యప్రకాశంలో రసదోషాలను లెక్కిస్తూ మొట్టమొదట పెట్టింది ఇదే: రసాన్నో, స్థాయీభావాన్నో (శోకం లాంటి నిలిచి ఉండే భావం), సంచారీభావాన్నో (సిగ్గు లాంటి వచ్చిపోయే భావం) దాని పేరుతోనే చెప్పేయడం. అంతకు రెండు శతాబ్దాల ముందు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఈ వాదనకు పునాది వేశాడు. శృంగారం అన్న మాట ఎన్నిసార్లు వాడినా శృంగారం పుట్టదు. విభావాలు (భావాన్ని పుట్టించే మనుషులు, వస్తువులు, సందర్భాలు), అనుభావాలు (దాన్ని బయటపెట్టే చేష్టలు) సరిగ్గా కుదిరితే ఆ మాట లేకుండానే పుడుతుంది. శోకమైనా అంతే.

అయితే మమ్మటుడు దీన్ని గుడ్డి నియమంగా పెట్టలేదు. సంచారీభావాన్ని కొన్ని చోట్ల పేరుతో చెప్పినా దోషం కాదని తానే మినహాయింపు ఇచ్చాడు. "సిగ్గుపడింది" అనడం కన్నా నేరైన దారి లేనప్పుడు ఆ మాట అనవచ్చు. సిరాచుక్క గారి భాగంలో ఆ అవసరం కనిపించదు. పెన్ను ఉంది, గడి ఉంది, అంకె ఉంది. విభావాలన్నీ చేతికి అందుబాటులోనే ఉన్నాయి.

లేతాకు

నేను ఈ మధ్యే రాయడం మొదలుపెట్టాను. అయితే ఏడుపు, దుఃఖం, బాధ లాంటి మాటలు కథలో అసలు వాడకూడదా?

ఎర్రపెన్సిల్

వాడవచ్చు. మాట వాడాక దృశ్యం అవసరం లేదని అనుకోకపోతే చాలు.

కిటికీపక్క

ఇక్కడ నాకు ఒక అభ్యంతరం ఉంది, కాస్త గట్టిగానే చెబుతాను.

బిడ్డ పోయిన తల్లి గుండెలు బాదుకుని ఏడుస్తుంది. చుట్టుపక్కల వాళ్ళందరికీ వినిపించేలా, పేరు పెట్టి పిలుస్తూ, వాడి చిన్నప్పటి సంగతులన్నీ చెప్పుకుంటూ ఏడుస్తుంది. ఆ శోకానికి లయ ఉంటుంది, భాష ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి, పెదవి బిగబట్టినవాళ్ళదే లోతైన దుఃఖమని మనం ఎప్పటినుంచి నమ్ముతున్నాం? నిగ్రహం కొందరికి అలవాటు, అంతే. కథల పోటీల్లో, పత్రికల్లో ఇప్పుడు అదే ఒక ఫ్యాషన్ అయింది. ప్రతి కథ చివరా ఖాళీ కుర్చీ ఒకటి, పోయినవాళ్ళ కోసం అలవాటుగా పెట్టిన రెండో కప్పు ఒకటి. అవి కూడా కన్నీటి తెర లాగే అరిగిపోయాయి.

అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ సంగతి గుర్తు చేసుకోండి. 1981లో వచ్చిన ఆయన కథల సంపుటిని సంపాదకుడు గోర్డన్ లిష్ సగానికి పైగా కత్తిరించాడు. అచ్చు ఆపమని 1980 జులైలో కార్వర్ ఆయనకు ఉత్తరం రాసి వేడుకున్నాడు. అందులో ఒక కథ పుట్టినరోజు నాడు కారు గుద్దిన పిల్లవాడిది. కత్తిరించిన రూపంలో అది ఒక ఫోన్ మోతతో, వాడు బతికాడో లేదో తెలియకుండా ముగుస్తుంది. 1983లో వచ్చిన సంపుటిలో కార్వర్ తన రూపాన్ని చేర్చాడు. పిల్లవాడు చనిపోతాడు. పుట్టినరోజు కేకు తయారు చేసిన మనిషి ఆ తల్లిదండ్రులను కూర్చోబెట్టి వేడి రొట్టె తినిపిస్తాడు, తెల్లవారేదాకా మాట్లాడుకుంటారు. మొదటిది చలిగాలి. రెండోది చదివి నేను రెండు రోజులు మామూలు మనిషిని కాలేకపోయాను. తక్కువ చెప్పడమే గొప్ప అయితే రెండోది ఎందుకు పెద్ద కథ అయింది?

నిదానం

కిటికీపక్క గారూ, మీ అభ్యంతరం న్యాయమైనది. కార్వర్ కథ విషయంలో నేనూ మీ పక్షమే. కానీ ఆ రెండో రూపాన్ని మళ్ళీ తీసి చూడండి. రొట్టె పెట్టే దృశ్యంలో తల్లి దుఃఖాన్ని రచయిత ఎక్కడైనా వర్ణించాడా? తింటారు, వింటారు, కిటికీలో తెల్లవారుతుంది. అది పొడవైన కథే, అయినా రచయిత గొంతు పెంచలేదు. పొడవుకూ గొంతుకూ సంబంధం లేదని ఆ కథే చూపిస్తోంది.

పాత్ర ఏడవడం వేరు, కథనం ఏడవడం వేరు. తల్లి గుండెలు బాదుకోవచ్చు. ఆమెను చూపిస్తున్న వాక్యం మాత్రం నిలకడగా ఉండాలి. రష్యన్ కథకుడు చెకోవ్ 1892 మార్చి 19న రచయిత్రి లిదియా అవీలొవాకు రాసిన ఉత్తరంలో సరిగ్గా ఈ సలహాయే ఇచ్చాడు. అభాగ్యులను చిత్రించి పాఠకుడి జాలి పొందాలనుకుంటే కొంచెం చల్లగా ఉండమన్నాడు. ఆ చల్లదనం వాళ్ళ దుఃఖానికి వెనక తెరలా నిలబడి దాన్ని స్పష్టంగా చూపిస్తుందని ఆయన ఉద్దేశం. తర్వాతి నెలలో మరో ఉత్తరంలో ఇంకో మాట చేర్చాడు: మీ పాత్రలతో కలిసి ఏడవండి, మూలగండి, కానీ అది పాఠకుడి కంట పడకూడదు.

సిరాచుక్క గారూ, రాస్తూ ఏడ్చానన్నారు. అందులో తప్పేమీ లేదు. చిత్తుప్రతి ఉన్నదే అందుకు.

సిరాచుక్క

అందరికీ కృతజ్ఞతలు. రెండు రోజులు కూర్చుని మళ్ళీ రాశాను. ఈసారి అన్నయ్య సంగతి కథలో ఎక్కడా చెప్పలేదు. తల్లి, కూతురు డాక్టరు దగ్గరికి వెళ్తారు. కాగితం నింపుతారు.

"అమ్మ 'రెండు' అని రాసింది. నేను ఆ అంకెను చూశాను. ఇంట్లో నేనొక్కదాన్నే."

అక్కడితో కథ అయిపోతుంది. పాఠకుడే ఊహించుకోవాలి. ఇప్పుడు నిగ్రహం కుదిరిందా?

రెండోచదువు

కుదరలేదనే నా అభిప్రాయం. మొదటిసారి దుఃఖాన్ని మరీ ఎక్కువ చెప్పారు, ఈసారి సంగతినే దాచారు. ఇది పొడుపుకథ అయింది. చివరి వాక్యం చదవగానే నేను "ఓహో, ఇంకో బిడ్డ ఉండి పోయాడన్నమాట" అనుకున్నాను. చిక్కు విప్పానన్న తృప్తి కలిగింది. ఆ తృప్తి తల్లి మీదినుంచి నా దృష్టిని నా తెలివి మీదికి మళ్ళించింది. రెండోసారి చదవడానికి అందులో ఏమీ లేదు.

దీనికి పూర్తి ఎదురుగా ఉండే కథ ఒకటి చెబుతాను. 1886లో చెకోవ్ రాసిన బండివాడి కథ ఇక్కడ చాలామంది చదివే ఉంటారు. అతని కొడుకు ఆ వారంలోనే చనిపోయాడు. ఆ సంగతిని చెకోవ్ దాచిపెట్టి చివర బయటపెట్టడు, మొదటి పేజీల్లోనే అతని నోటితోనే చెప్పించేస్తాడు. బండి ఎక్కిన మిలిటరీ ఆయనకు చెప్పబోతాడు, తర్వాత ముగ్గురు కుర్రవాళ్ళకు, ఆ తర్వాత ఒక వాచ్‌మన్‌కు, చివరికి తనలాంటి ఇంకో బండివాడికి. ఎవరూ వినరు. ఆఖరికి గడ్డి నములుతున్న తన గుర్రానికి చెప్పుకుంటాడు. మనకు అంతా ముందే తెలుసు, అయినా ఆ చివరి దృశ్యం తట్టుకోలేం.

అందులో ఒక చిన్న వివరం నన్ను ఇప్పటికీ వదలదు. ఎవరైనా వింటే ఏమేమి చెప్పాలో అతను మనసులో వరస పెట్టుకుంటాడు: కొడుకుకు జబ్బు ఎలా చేసింది, పోయే ముందు ఏమన్నాడు, ఖననం ఎలా జరిగింది, వాడి బట్టలు తెచ్చుకోవడానికి తాను ఆసుపత్రికి ఎలా వెళ్ళాడు. ఆ బట్టలు తెచ్చుకోవడం! చెకోవ్ దాని గురించి ఇంకొక్క మాట కూడా అనడు. ఆసుపత్రి నుంచి కొడుకు బట్టల మూట చేత పట్టుకుని నడిచి వచ్చిన ఆ మనిషిని మనమే చూస్తాం.

పాతకాగితం

రెండోచదువు గారి మాటకు ఒక పాత ఉదాహరణ జోడిస్తాను. "సూర్యుడు అస్తమించాడు" అన్న ఒక్క వాక్యం తీసుకుని మమ్మటుడు దానికి ఎన్ని వ్యంగ్యార్థాలు, అంటే పైకి చెప్పకుండా స్ఫురించే అర్థాలు, వస్తాయో చూపించాడు. సేనాపతి వింటే శత్రువు మీద పడే సమయమైందని. పనివాళ్ళు వింటే ఇక పని ఆపవచ్చని. పశువుల కాపరి వింటే మందను ఇంటికి తోలాలని. ఎదురుచూసి అలిసిపోయిన స్త్రీ వింటే అతను ఇవాళ కూడా రాలేదని.

వాక్యం ఒక్కటే. ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నారో తెలిస్తేనే అది పలుకుతుంది. వక్త ఎవరో, వినేవారు ఎవరో, సందర్భం ఏమిటో తెలియకపోతే "సూర్యుడు అస్తమించాడు" అంటే సూర్యుడు అస్తమించాడనే. కాబట్టి "రెండు" అన్న అంకె పలకాలంటే పాఠకుడి చేతిలో లెక్క ముందే ఉండాలి. సంగతి మొత్తం పొడిగా, మొదటి వాక్యంలోనే ఇచ్చేయండి.

కిటికీపక్క

ఈ మాటతో నా కోపం సగం తగ్గింది. దాచిపెట్టడాన్నే నిగ్రహమంటారని ఇన్నాళ్ళూ అనుకుని దాని మీద పోట్లాడుతున్నాను. సంగతి అంతా చెప్పి, దాని మీద వ్యాఖ్యానం చేయకుండా ఉండటం వేరే పని. అది ఒప్పుకుంటాను.

ముందుగది

నేను రచయిత్రిని కాను, చదువుతాను అంతే. కానీ ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను. ఆరేళ్ళు ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేశాను. సిరాచుక్క గారు చెబుతున్న లాంటి కాగితాలు రోజుకు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్ళేవి.

పిల్లలు ఎంతమంది అన్న గడి దగ్గర అందరూ ఆగరు. చాలామంది అంకె వేసేస్తారు. మా కాగితంలో దాని పక్కన ఇంకో గడి ఉండేది, వయసు. నేను చూసినంతలో మనుషులు ఆగేది అక్కడ. ఒకసారి ఒకావిడ నా దగ్గరికి వచ్చి, "వయసు కూడా రాయాలా అమ్మా?" అని అడిగారు. నేను మామూలుగా "రాయాలండీ" అన్నాను. ఆవిడ తిరిగి వెళ్ళి కూర్చున్నారు. చాలాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉన్నారు. కాగితం తిరిగి ఇచ్చినప్పుడు ఒక వయసు మీద రెండుసార్లు దిద్దినట్టు కనిపించింది. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు, కాగితం ఫైలులో పెట్టేశాను. తర్వాత ఇంకెవరో చెబితే తెలిసింది. ఆవిడతో నేను "రాయాలండీ" అన్న తీరు నాకు ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది.

ఎర్రపెన్సిల్

ముందుగది గారూ, ఇది చదివి కాసేపు లేచి అటూ ఇటూ నడిచాను. "చాలాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉన్నారు." ఇన్ని రోజులుగా మేమంతా వెతుకుతున్న వాక్యాన్ని మీరు చూసింది చూసినట్టు రాసి పెట్టేశారు.

సిరాచుక్క గారూ, మీ కథలోని తల్లి ఏ వయసు రాస్తుంది? అబ్బాయి పోయేనాటి వయసా, ఉంటే ఈపాటికి వచ్చి ఉండే వయసా?

రెండోచదువు

ఈ ప్రశ్నే కథ. పోయేనాటి వయసు రాస్తే ఆమె జరిగినదాన్ని ఒప్పుకున్నట్టు. ఇప్పటి వయసు రాస్తే మూడేళ్ళుగా ప్రతి ఏడూ లోపల ఒక్కొక్క అంకె కలుపుకుంటూ వచ్చినట్టు. దేని కిందా వివరణ రాయనవసరం లేదు. కూడిక పాఠకుడు చేసుకుంటాడు.

ఇది చదివాక 1914లో అచ్చయిన ఐరిష్ రచయిత జేమ్స్ జాయ్స్ కథ ఒకటి గుర్తొచ్చింది. లాండ్రీలో పనిచేసే పెళ్ళికాని పెద్దావిడ, తాను చిన్నప్పుడు పెంచిన అబ్బాయి ఇంటికి పండగ పూట వెళ్తుంది. పాడమంటే ఒక పాట పాడుతుంది. రెండో చరణం రావలసిన చోట మళ్ళీ మొదటి చరణమే పాడుతుంది. వదిలేసిన చరణంలో ఉన్నది వరించి వచ్చే మగవాళ్ళ గురించి. ఆ సంగతి జాయ్స్ చెప్పడు. పొరపాటు జరిగిందని ఆమెకు ఎవరూ చెప్పలేదని మాత్రం రాస్తాడు. గదిలో ఉన్న వాళ్ళందరి దయ ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఆ చరణం ఏమిటో తెలియని పాఠకుడికి కూడా అక్కడ ఏదో జరిగిందని తెలుస్తుంది, తెలిసినవాడి గుండె జారిపోతుంది.

సిరాచుక్క గారి కథలో కూతురు ఏం చేయాలో నాకు అక్కడే దొరికింది. ఆమె అంకె చూస్తుంది, ఏమీ అనదు.

నిదానం

ఒక్క జాగ్రత్త. కూతురు "ఏమీ అనలేదు" అని రాయడం కూడా ఇప్పుడు ఒక అలవాటు వాక్యం అయింది. ఏమీ అనకుండా ఆమె చేసే పని ఏదైనా ఉంటే అది రాయండి.

సిరాచుక్క

వారం పట్టింది. ముందుగది గారి అనుమతితో ఆ వయసు గడిని కథలోకి తెచ్చుకున్నాను. ఆవిడకు నేను ఎంత రుణపడ్డానో చెప్పలేను. మొదటి పేరా, చివరి భాగం ఇక్కడ పెడుతున్నాను.

"అన్నయ్య 24వ ఏట పోయాడు. మూడేళ్ళయింది. మేడ మీది గది అమ్మ రోజూ ఊడుస్తుంది. ఈ మధ్య మోకాళ్ళు నొప్పి అంటుంటే సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను."

తర్వాత కాగితం దగ్గర:

"పిల్లలు ఎంతమంది అన్నచోట 2 వేసింది. పక్క గడి చూసి లేచి కౌంటరు దాకా వెళ్ళింది. 'వయసు కూడా రాయాలా అమ్మా?' 'రాయాలండీ.' తిరిగి వచ్చి కూర్చుంది. పెన్ను మూత పెట్టింది, తీసింది. నా వయసు ముందు రాసింది. దాని పైన 27 అని రాసి నా చేతికిచ్చింది. ఇంటి నంబరు రాయడం మరిచిపోయింది. నేను రాశాను."

ఎర్రపెన్సిల్

పెన్సిలు కింద పెట్టేశాను. "దాని పైన" అన్న మాట దగ్గర ఆగిపోయాను. పెద్దవాడు కదా, వాడి గడి పైన ఉంటుంది. నిగ్రహం అంటే ఏమిటని ఇకపై ఎవరైనా అడిగితే ఈ పేరా చూపిస్తాను.

కిటికీపక్క

ఆ ఇంటి నంబరు నన్ను పడగొట్టింది. నేను వాదన మొదలుపెట్టింది గుండెలు బాదుకుని ఏడ్చే తల్లి తరఫున. ఈ తల్లి ఏడవలేదు, అయినా ఆవిడ తరఫునే ఉన్నట్టుంది ఈ కథ.

లేతాకు

27 దగ్గర నేను మళ్ళీ వెనక్కి వెళ్ళి మొదటి వాక్యం చూశాను. 24, మూడేళ్ళు. అప్పుడు తెలిసింది.

ముందుగది

సిరాచుక్క గారూ, నాకు ఒకటే సందేహం. ఆవిడ వచ్చింది మోకాళ్ళ నొప్పికి కదా. డాక్టరు గారు ఏమన్నారు? మా దగ్గర కాగితం నింపాక లోపలికి పంపేవాళ్ళం. కాగితంతో ఎవరి పనీ అయిపోయేది కాదు.

సిరాచుక్క

మీరు అడిగేదాకా నేను ఆవిడను లోపలికి పంపనే లేదు. ఇప్పుడు రాశాను.

"డాక్టరు గారు రెండు మోకాళ్ళూ నొక్కి చూశారు. ఇంట్లో మెట్లు ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాను. 'ఎక్కడం మానేయాలమ్మా' అన్నారు. 'సరే' అంది అమ్మ."

దీని తర్వాత బయటికి వచ్చి ఇంటికి వెళ్ళే దృశ్యం ఒక అర పేజీ ఉంది. రాత్రి అమ్మ మెట్ల దగ్గర నిలబడి పైకి చూస్తుంది.

నిదానం

ఆ అర పేజీ తీసేయండి. "సరే" దగ్గర ఆపండి.

సిరాచుక్క

తీసేశాను.